సగం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

చిన్నాయన పోయిన సంగతి నాకు ఫోన్లో తెలిసింది. ఆస్పత్రిలో ఆయన దగ్గర చిన్నమ్మను కూర్చోబెట్టి, స్నానం చేసి నాలుగు మెతుకులు తిని వద్దామని ఇంటికొచ్చాను. నీళ్లు తోడుకునేలోపే చర్చి సంఘం వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. చుట్టూ గులాబీల బొమ్మ, కింద "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. నిద్రించడమేమిటి? ఆయన పగటిపూట నడుం వాల్చగా నేను చూసిన పాపాన పోలేదు. మధ్యాహ్నం మా వీధి వీధంతా తలుపులు మూసుకుని పడుకుంటే, ఆయన మాత్రం మిద్దె మీద ఎండలో నిలబడి వార్నిష్ పూసిన ట్రాన్స్‌ఫార్మర్లను అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండేవాడు. కాసేపటికి చిన్నమ్మ ఫోన్ చేసింది.

ఆయన మా నాయనకు తమ్ముడు. మాది వేంపల్లె దగ్గర పల్లె. నాయన చిన్న వయసులోనే పోవడంతో మా అమ్మనూ నన్నూ కడపకు తీసుకొచ్చి తన ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో పెట్టాడు. ఇప్పుడు ఆ గదిలో నా కుట్టుమిషను ఉంది. జాకెట్లు, చుడీదార్లు కుట్టుకుని బతుకుతున్నాను. గోడకు ఈ పక్క నా మిషను చప్పుడు, ఆ పక్క ఆయన తీగ చుట్టే మిషను చప్పుడు. నా మిషను కాలితో తొక్కేది, ఆయనది చేత్తో తిప్పేది. నాకు యాభై దాటినా ఆయనకు నేను "పాప"నే. గిరాకీల ముందు కూడా గోడ అవతల నుంచి "పాపా" అని పిలిచేవాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడపిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

ఆయన చేసే పని ఏమిటో చదివేవాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. ఇప్పటి మైకుసెట్లు చిప్పులతో నడుస్తాయి. వెనకటి సెట్లలో గాజు ట్యూబులు ఉండేవి. స్విచ్చి వేస్తే నిదానంగా ఎర్రబడి, వేడెక్కాక గానీ గొంతు విప్పేవి కావు. ఆ ట్యూబుల నుంచి వచ్చే కరెంటు ఉన్నదున్నట్టు హారన్‌కు, అంటే బయట కట్టే లౌడ్‌స్పీకర్ గొట్టానికి, పనికిరాదు. దాన్ని హారన్‌కు తగినట్టు మార్చడానికి మధ్యలో బరువైన ఇనుప ముద్ద ఒకటి ఉంటుంది. అదే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. దాని కడుపులో వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పెద్ద సెట్లలో ట్యూబులు జంటగా పనిచేస్తాయి. ఒకటి నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది కాబట్టి వాటిని పుష్‌పుల్ సెట్లంటారు. చిన్నాయన జీవితమంతా చుట్టింది ఈ పుష్‌పుల్ ట్రాన్స్‌ఫార్మర్లనే.

నేను చిన్నప్పుడు అదేమిటని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఒకే రోట్లో ఇద్దరు ఆడోళ్లు దంచుతాంటారు సూడు పాపా. ఒక రోకలి లేస్తే ఇంకోటి దిగాల. ఇద్దరి బలమూ ఒకటే ఉండాల. ఒకరు రోంత తక్కువైనా రోకళ్లు తగులుకుంటాయి." ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగ కూడా అట్లాగే రెండు సగాలు, చెరొక ట్యూబుకు ఒక సగం. రెండూ సరిసమానంగా రావాలి. ఒక సగాన్ని అంతా లోపల చుట్టి, రెండో సగాన్ని దాని మీద చుడితే పైదానికి తీగ ఎక్కువ పడుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని ఆయన ప్రతి సగాన్నీ ముక్కలు చేసి, రెండింటికీ కొంత లోపల, కొంత పైన వచ్చేట్టు చుట్టేవాడు. అన్నదమ్ములు చేను పంచుకుంటే బావి కింది మడీ, దూరపు మెట్టా ఇద్దరికీ రావాలి కదా అనేవాడు. మా తాత చేను పంచినప్పుడు మా నాయనకు మెట్ట మాత్రమే వచ్చిందట. అది మనసులో పెట్టుకునే ఆ మాట అంటాడని మా అమ్మ అనేది.

పనికి కూర్చునే ముందు తీగను కింది పెదవి మీద ఆనించి మెల్లగా లాగి చూసేవాడు. తీగ మీది పూత ఎక్కడైనా లేచి ఉంటే కంటికి అందదు గానీ పెదవికి అందుతుందట. చుట్లు లెక్కపెట్టే మీటరు ఎప్పుడో చెడిపోయింది. నూరు చుట్లకొక చింతగింజ పళ్లెంలో వేసుకునేవాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఒకసారి మా బంధువు ఒకాయన పెళ్లిపత్రిక పట్టుకొచ్చి, వాకిట్లో నిలబడి పిలిచి పిలిచి, మర్యాద తెలియని కొంప అని అలిగి వెళ్లిపోయాడు. ఆ పెళ్లికి చిన్నమ్మ ఒక్కతే వెళ్లి అందరి చేతా మాటలు పడి వచ్చింది. వచ్చి ఆయన్ను కడిగేసింది. ఆయన అప్పుడు కూడా తిప్పుతూనే ఉన్నాడు.

వార్నిష్‌లో ముంచిన ట్రాన్స్‌ఫార్మర్లు లోపలిదాకా ఆరాలి. పట్నాల్లో దానికి కరెంటు పొయ్యిలు ఉంటాయట. చిన్నాయన కడప ఎండనే పనిలో పెట్టుకున్నాడు. మిద్దె మీద చోటు కోసం ప్రతి ఎండాకాలం చిన్నమ్మ వడియాలకూ ఆయన ట్రాన్స్‌ఫార్మర్లకూ తగువు. వడియాలు వేయిస్తే వార్నిష్ వాసన వస్తోందని ఆమె, నూనె మూకుడు కడగలేదని ఆయన. ఈ మధ్య బెంగళూరులో, హైదరాబాదులో పాత ట్యూబుల సెట్లలో పాట వినాలని మోజు పడినవాళ్లు ఆయన నంబరు ఎట్లాగో పట్టుకుని ఫోన్లు చేసేవాళ్లు. వానాకాలంలో అడిగితే, ఎండ రానీప్పా, ఎండ లేకపోతే నా చేతిలో ఏముండాది అనేవాడు. ఈయన ఏదో బెట్టు చేస్తున్నాడనుకుని వాళ్లు ఇంకా గౌరవంగా మాట్లాడేవాళ్లు. ఆ గౌరవం చూసి మేము వంటింట్లో నవ్వుకునేవాళ్లం.

పోయిన చలికాలం ఆయనకు ఎడమ చెయ్యి పడిపోయింది. పొద్దున లేచి చొక్కా వేసుకోబోతే చెయ్యి రాలేదు. కాలు కూడా కొంచెం ఈడ్చేవాడు. కాలిది పెద్ద బాధ కాదు, తీగ చుట్టేవాడికి ఎడమ చెయ్యే ముఖ్యం. కుడి చెయ్యి పిడి తిప్పుతుంటే ఎడమ చెయ్యి తీగను పట్టుకుని, చుట్టు పక్కన చుట్టు సర్దుకుంటూ పోవాలి. ఆయన వచ్చిన ఆర్డర్లన్నీ కాదని చెప్పేశాడు. పడిపోయిన చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునేవాడు. కూరగాయల బండివాడితో మాట్లాడేవాడు. అంత తొందరగా సరిపెట్టుకున్నాడేమిటని నాకు ఆశ్చర్యమేసింది. ఆ తర్వాత ఒక ఆదివారం మా పల్లెలో అట్లా జరగకపోయి ఉంటే అదే తీరున కాలం వెళ్లబుచ్చేవాడేమో.

మా ఊరి గుడిలో, అంటే చర్చిలో, ఉన్న మైకుసెట్టు ఆయన పడుచు వయసులో కట్టిన మొదటి పెద్ద సెట్టు. కడపకు వచ్చాక కూడా దాని మంచిచెడ్డలు ఆయనే చూసేవాడు. మిద్దె మీది హారన్‌లో కీర్తన ఎత్తుకుంటే శెనక్కాయ చేలల్లో కలుపు తీసేవాళ్లకు కూడా వినపడేది. ఆయన ఊరికి పోయినప్పుడల్లా సంఘపెద్దకు ఒకటే చెప్పేవాడు. సెట్టు ఒకసారి వేస్తే ఆరాధన అయిపోయేదాకా ఆర్పొద్దు, మాటిమాటికీ ఆర్పి వెలిగిస్తే ట్యూబులు చచ్చిపోతాయి అని. వాళ్లు దాన్ని పది ఆజ్ఞల పక్కన పదకొండోదిగా పెట్టుకున్నారు. పాస్టర్లు మారారు, ఆ మాట మారలేదు.

ఆ ఆదివారం ఊళ్లో ఒక పెద్దరైతు చనిపోయాడు. ఆరాధన జరుగుతుండగా శవాన్ని గుడి ముందు నుంచి తీసుకుపోతున్నారు. మా పల్లెలో శవం పోతుంటే ఎవరి దేవుడి పాటైనా ఆపాల్సిందే. అది అందరూ పాటించే మర్యాద. సంఘపెద్దకు సెట్టు ఆర్పడానికి చేతులు రాలేదు, చిన్నాయన వద్దన్నాడు కదా. ఆర్పకుండా నిశ్శబ్దం ఎట్లా? గబగబా బయటికి పోయి హారన్‌కు పోయే తీగలు పీకేశాడు. ఊరికి చప్పుడు ఆగింది. లోపల సెట్టు మాత్రం వెలుగుతూనే ఉంది. పాస్టరయ్య మైకు ముందు నిలబడి, తప్పెట్ల మోతలో లోపలివాళ్లకు వినపడాలని ఇంకా గట్టిగా ప్రసంగం చెప్పాడు. శవం వీధి మలుపు తిరిగేలోపు గుడిలో కాలిన వాసన వచ్చింది.

ట్యూబులు నెట్టే బలానికి హారన్ వైపు దారి ఉండాలి. ఆ దారి మూసేస్తే బలమంతా తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడుతుంది. లోపలి తీగల మధ్య నిప్పురవ్వలు లేచి, వరసల మధ్య వేసిన కాగితం కాలిపోతుంది. సెట్టు ఆర్పేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. హారన్ మోగనిచ్చినా ఏమీ అయ్యేది కాదు. పోయిన మనిషికి మర్యాద తప్పకూడదనుకున్నారు, చిన్నాయన మాట జవదాటకూడదనుకున్నారు. ఈ రెండూ పాటించబోయి దాన్ని కాల్చుకున్నారు.

మరునాడు సంఘపెద్ద మొదటి బస్సుకే కడపకు వచ్చాడు. ఆయన చిన్నాయన కంటే కొంచెం చిన్నవాడు, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి గొర్రెలు కాసినవాళ్లు. సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ తీసి చిన్నాయన ముందు పెట్టి, తల ఎత్తకుండా అన్నాడు.

"మేమే సంపుకున్నామన్నా దీన్ని."

చిన్నాయన దాన్ని ఒంటి చేత్తో ఎత్తి వాసన చూశాడు. అడగాల్సినవన్నీ అడిగాడు. హారన్ తీగ పీకిన సంగతి విన్నాక దాన్ని మెల్లగా తిరిగి తువ్వాలు మీద పెట్టాడు. నేను అక్కడే కాజాలు కుడుతూ కూర్చున్నాను. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే అందరికీ బాగుండేది.

"నీ తప్పు కాదప్పా. సెట్టు ఆర్పొద్దని చెప్పినా గాని, సెట్టు వెలుగుతాంటే హారన్ తీగ పీకొద్దని నేను ఎప్పుడూ చెప్పలే. సగమే చెప్పినా."

సంఘపెద్ద కాదు కాదంటూ చేతులు పట్టుకున్నాడు. తప్పు నాదంటే నాదని ఇద్దరూ కాసేపు కొట్లాడుకున్నారు. మధ్యలో నేను కలగజేసుకుని, ఇప్పుడు అంగట్లో కొత్తరకం సెట్లు దొరుకుతాయి కదా, తేలిక, వేడెక్కే పని లేదు, అది తెచ్చుకోండి అన్నాను. చిన్నాయన కూడా అదే మాట అన్నాడు, నా చెయ్యి చూస్తాండావు కదా అని. సంఘపెద్ద ఆ చేతిని చూశాడు. చూసి కూడా, నువ్వు ఉండంగా మేము అంగడికి పోతామా అన్నా, నిమ్మళంగానే చెయ్యి, మేము కాసుకోనుంటాం అన్నాడు. ఒక మూట శెనక్కాయలు అక్కడ పెట్టి బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ నమ్మకం మీద నాకు ఒళ్లు మండింది. ఆయన ఇక చేయలేడని మా ఇంట్లో అందరం ఒప్పుకున్నాం, ఆయనా ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది ఆ పల్లె ఒక్కటే. అంత మంచివాళ్లతో ఎవరు కొట్లాడగలరు?

తర్వాత రెండు మూడు రోజులు చిన్నాయన కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప రేకులను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ కూర్చున్నాడు. వార్నిష్‌కు అంటుకుపోయిన రేకులవి. రెండు మోకాళ్ల మధ్య బిగించుకుని కుడి చేత్తో పలుచని కత్తి దూర్చి లేపేవాడు. చిన్నమ్మ నా దగ్గరికొచ్చి, ఏం చేస్తాండాడే ఈయన అని కళ్లతోనే అడిగేది. ఒకరోజు పొద్దున గోడ అవతల నుంచి పిలుపొచ్చింది. పోతే, తీగ చుట్టే మిషను ముందు కూర్చుని ఉన్నాడు. తన ఎడమ పక్కన నాకోసం ఒక పీట వేసి పెట్టాడు.

"పాపా, నీ ఎడమ చెయ్యి నాకియ్యి."

ఆయన తిప్పాలి, నేను పట్టుకోవాలి. చెప్పుకోవడానికి అంతే. చిన్నప్పటి నుంచీ సూదీదారంతో పండిన చేతులే నావి, ఇదెంత అనుకున్నాను. దారం మన తప్పులు ఓర్చుకుంటుంది, ఆ తీగ ఓర్చుకోదు. బిగించి పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది. వదులుగా పట్టుకుంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పపడుతుంది. ఆయన చెయ్యి ఎప్పుడు నిదానిస్తుందో, ఎప్పుడు ఊపందుకుంటుందో నా వేళ్లకు తెలిసేది కాదు. మునుపు రెండు చేతులూ ఒకే ఒంటికి ఉండేవి, ఒకదాని సంగతి ఒకదానికి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆయన నోటితో చెప్పాలి, మాట్లాడితే లెక్క తప్పుతుంది. ఎప్పుడూ లేనిది చింతగింజల పళ్లెం విసిరికొట్టాడు ఒకరోజు. గింజలు మంచం కిందికి, బీరువా కిందికి పోయాయి. నేను లేచి వచ్చేశాను. కాసేపటికి చిన్నమ్మ టీ తెచ్చి, ఆయనే పెట్టమన్నాడే, నీకు చక్కెర ఎక్కువ వెయ్యమన్నాడు అంది.

నా పని మూలన పడింది. పండక్కి ఇవ్వాల్సిన జాకెట్లు ఇవ్వలేక గిరాకీల చేత చీవాట్లు తిన్నాను. ఆయన ముఖం రోజురోజుకూ పీక్కుపోయింది. కాసేపు తిప్పితే చెమటలు పట్టేవి. డాక్టరు ఒళ్లు అలవనివ్వొద్దన్నాడని చిన్నమ్మ ఆయనకు చెప్పి చెప్పి అలిసిపోయి, నువ్వైనా చెప్పమని నా కాళ్లూ చేతులూ పట్టుకుంది. చెప్పాను. వద్దు చిన్నాయనా, ఆ ఊరికి ఏదో ఒక సెట్టు వస్తుంది, నీకేమన్నా అయితే మేమెట్లా అని ఏడ్చాను కూడా. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని, నన్ను సముదాయిస్తున్నట్టే అన్నాడు.

"నా మాట విని కాల్చుకున్నారు పాపా. అది బాగుచేసి పోతే నిమ్మళంగా పోతా. లేకుంటే నాకు యాడికి పోయినా నెమ్మది ఉండదు."

ఆ తర్వాత నేను వద్దనలేదు. ఎవరేమన్నా పీట మీద పోయి కూర్చున్నాను.

మొదటిసారి చుట్టడం ఎట్లాగో పూర్తయింది. ఆయన కరెంటు కొలిచే మీటరు తెచ్చి రెండు సగాలకూ పెట్టి చూశాడు. నాకు ఆ ముల్లు భాష తెలియదు గానీ ఆయన ముఖం తెలుసు. నా చెయ్యి తడబడిన చోట తీగలు రాసుకుని పూత లేచింది. లోపలెక్కడో చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఒక సగం బలహీనపడింది. ఎక్కడో చెప్పడానికి లేదు, చూడడానికీ లేదు. అదట్లా ఉన్నా సెట్టు పలుకుతుంది కదా అని అడిగాను. పలుకుతాది గాని, గొంతు బొంగురు పోతాది, రోంత నాళ్లకు మళ్లా కాలిపోతాది అన్నాడు. ఇప్పేద్దాం అన్నాడు. ఇన్ని రోజులు చుట్టింది నేనే విప్పాను, ఆయన చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం నా గదిలోకి వచ్చి, ఏడుపు వినపడకుండా ఉత్త మిషను తొక్కుతూ ఏడ్చాను.

ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే సంఘపెద్ద ఫోన్ చేసేవాడు. ఎంతదాకా వచ్చిందని నేరుగా అడిగేవాడు కాదు. బాగుండావా అన్నా, వదిన బాగుందా, ఎండలు ముదిరినాయి ఈడ, అని ఊరంతా తిరిగి వచ్చేవాడు. చివరికి చిన్నాయనే, వస్తాండాదిలేప్పా అనేవాడు. ఆ ఫోన్ వచ్చిన రోజు అన్నం సరిగా తినేవాడు కాదు.

రెండోసారి మొదలుపెట్టాక మాకు కొంచెం కుదిరింది. ఆయన ఊపిరి వినడం నేర్చుకున్నాను. ఊపిరి తీసుకుంటే చెయ్యి నిదానిస్తుంది, వదిలితే తిరుగుతుంది. వరస చివరికి రాగానే నేను ఆగడం, ఆయన కాగితం అందించడం, మళ్లీ వెనక్కి రావడం మాటలు లేకుండానే జరిగిపోతుండేది. అట్లాంటి రోజుల్లో ఇద్దరికీ గొప్పగా ఉండేది. ఆయన తలుపులోంచి బయటి ఎండను చూసి, ఈ ఎండకైతే బిన్నా ఆరిపోతాది అన్నాడు. నేను ఆశపడ్డాను. సగం దాకా వచ్చాం.

ఆ రోజు పిడి ఆగింది. అలుపు తీర్చుకుంటున్నాడనుకుని తీగ పట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఊపిరి వినపడుతోంది కదా అని తల కూడా తిప్పలేదు. ఆయన మెల్లగా నా భుజం మీదికి ఒరిగాడు. తీగ వదిలేసి రెండు చేతులతో ఆయన్ను పట్టుకున్నాను. తీగ చుట్టుకునే బాబిన్ వెనక్కి తిరిగి చుట్లన్నీ లేచి వదులైపోయాయి. ఆయన మూతి ఒక పక్కకు పోయింది. కళ్లు మాత్రం మిషను మీదే ఉన్నాయి. "తీగ... తీగ పాపా" అన్నాడు. ఆ మాట కూడా ముద్దగా వచ్చింది. చిన్నమ్మ కేకలకు వీధివాళ్లు వచ్చారు, అందరం కలిసి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాం.

పోయాక, ఆయన్ను మా ఊళ్లోనే, మా నాయన పక్కన పెట్టాం. ఆ పొద్దు గాలి ఎక్కువగా ఉంది. మైకు లేదు. పాస్టరయ్య గొంతు చించుకుని చదివిన వాక్యం ముందు వరసలకే అందింది. వెనకున్నవాళ్లు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆమేన్ అనాలో తెలియక ముందువాళ్లను చూసి ఆలస్యంగా అన్నారు. కీర్తన ముందొక చోట, వెనకొక చోట నడిచింది. అన్నీ అయ్యాక సంఘపెద్ద నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అయిపోయిందామ్మా అది, అని మెల్లగా అడిగాడు. లేదయ్యా అన్నాను. ఆయన తల ఊపి, మరి ఇంక ఎవరు చేస్తారు అన్నాడు. అది నన్నడిగినట్టు లేదు. ఎవరినడిగాడో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక ఒకరోజు మిషను ముందు నేనొక్కదాన్నే కూర్చుని చూశాను. కుడి చేత్తో పిడి పట్టుకుని, ఎడమ చేత్తో వదులైన తీగ కొసను వెతికి పట్టుకున్నాను. ఇన్నాళ్లూ నేను నేర్చుకున్నది పట్టుకోవడం ఒక్కటే. ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో, ఏ కొసను ఎక్కడ బయటికి తియ్యాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎట్లాగూ ఆయన తిప్పుతాడు కదా అనుకున్నాను. బజారులో మోటార్లు చుట్టేవాళ్లకు చూపించాను. వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మాకు రాదమ్మా అన్నారు. తెచ్చి మళ్లీ ఆ మిషనుకే తగిలించి పెట్టాను. చిన్నమ్మ దాని మీద ఒక గుడ్డ కప్పింది.

ఆదరణ కూడికకు, అంటే పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ప్రార్థనకు, వచ్చినవాళ్లంతా చివర్లో ఏమన్నాడని అడిగారు. ఏదైనా వాక్యం చెప్పాడా, ఎవరినైనా తలుచుకున్నాడా అని. భక్తిపరుడు కాబట్టి ఏదో ఒకటి అని ఉంటాడని వాళ్ల ఆశ. ఏమీ అనలేదని చెప్పాను. చివరి మాట తీగ అని ఎట్లా చెప్పను? ఆ తర్వాత ఆయన నోట మాట రాలేదు. మాట లేదు గానీ, ఆస్పత్రిలో ఒకటి జరిగింది. అది అక్కడ చెప్పలేకపోయాను.

ఆస్పత్రిలో చేర్చిన మరునాటి నుంచి ఆయన కుడి చెయ్యి కదలడం మొదలైంది. పక్క మీద గుండ్రంగా, ఒకే తీరున తిరుగుతూ ఉండేది. తెలివిలో ఉండి చేసేది కాదమ్మా, మెదడు దెబ్బతింటే అట్లా ఉంటుంది అని డాక్టరు చెప్పాడు. సెలైన్ సూది ఆ చేతికే ఉంది. తిప్పి తిప్పి ఊడిపోతుంటే నర్సమ్మ గుడ్డపట్టీతో మణికట్టును మంచం కమ్మీకి కట్టేసింది. ఆమె చేసింది తప్పేమీ కాదు. కట్టిన చెయ్యి కట్టులోనే తిరగాలని చూస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. నేనున్నంతసేపు విప్పండి, సూది ఊడకుండా నేను చూసుకుంటాను అని బతిమాలితే, ఊడితే నన్నంటారమ్మా అని సణుగుతూనే విప్పింది.

చెయ్యి మళ్లీ తిరగసాగింది. నాకేం చెయ్యాలో తోచలేదు. కాళ్లు పిసికాను, నుదురు తుడిచాను, చిన్నాయనా అని పిలిచాను. కాసేపటికి స్టూలు ఎత్తుకుని ఆయన ఎడమ పక్కకు పోయి కూర్చున్నాను. ఎడమ చెయ్యి చాపి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలో పట్టుకున్నాను. ఆయన కళ్లు నిదానంగా నా వేళ్ల మీదికి వచ్చాయి. అది నా భ్రమే కావచ్చు. చెయ్యి తిరగడంలో తొట్రుపాటు తగ్గింది. ఊపిరి తీసుకుంటే నిదానించింది, వదిలితే తిరిగింది. నేను వేళ్లను ఒక కొస నుంచి ఇంకో కొసకు కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయాను, అక్కడ ఆగాను, మళ్లీ వెనక్కి వచ్చాను. పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

నర్సమ్మ పట్టీ పట్టుకుని వచ్చింది. డాక్టరు రౌండుకు వస్తున్నాడు, ఇంక కట్టేద్దామమ్మా అంది.

"రోంత ఆగు తల్లీ, ఈ వరస అయిపోనీ. ఇప్పుడు ఇడిస్తే అంతా ఊడిపోతాది."

ఆమె నా వేళ్ల వైపు చూసింది. వాటి మధ్య ఏమీ లేదు. పట్టీ చేతిలో పట్టుకుని, మంచం కాళ్ల దగ్గర అట్లాగే నిలబడి ఎదురుచూసింది.